పెద్ద వెలుగు, చిన్న వెలుగు

లేదు, కొర్లమ్మ ఆ గాజుతీగని మొదట్నించీ తిట్టలేదు. సముద్రం అడుగునించి దాన్ని లాక్కొచ్చి సున్నపుపాలెం ఒడ్డున కొమ్ముకి కలిపిన దినం, పసుపు రాసి బొట్టు కూడా ఎట్టింది. కొమ్మంటే సైరను. సముద్రం లోపలెక్కడో మిషనొకటి కూకుంటాది. తుపానుకి నీటి పోటు మారితే కనిపెట్టి, ఆ తీగలోంచి ఒక వెలుగు ముద్దని తోలతాది. అది ఒడ్డుకి సేరితే కొమ్ము కూస్తాది. అంతే.

సైంటిస్టు శశిభూషణం బాబు ఇసకలో టీవీ ఎట్టి మరీ సూపించినాడు. "మామూలు వెలుగైతే దూరం పోయేకొద్దీ చెదిరిపోతుందమ్మా. ఈ ముద్దని గాజే నొక్కి పట్టుకుంటుంది, చెదరనివ్వదు. సోలిటాన్ అంటాం."

"అదే తీగలో రేవు కంపెనీ ఓళ్ల కబుర్లు మోసీ వెలుగు కూడా ఎల్తాదంట గదా. రెండూ గుద్దుకుంటేనో?" అనడిగింది కొర్లమ్మ.

"గుద్దుకుని, ఒకదాంట్లోంచి ఒకటి దూరి బయటికొచ్చేస్తాయి. పిసరంత పక్కకి జరుగుతాయి గానీ రూపం మారదు."

కొర్లమ్మ పెనిమిటి దానయ్య బీడీ నోట్లోంచి తీసి, "మా ఆడోళ్లు కుళాయికాడ గుద్దుకుని అలాగ ఇడిపోతే ఊరు బాగుపడును బాబూ" అన్నాడు.

"నీ నోట్లో సేప ముల్లిరగ!" అంది కొర్లమ్మ. అందరూ నవ్వీసినారు.

రెండు తుపాన్లకి కొమ్ము కూసింది. జనం బతికిపోనారు. దాంతో ఊరి కట్టుబాటొకటి సచ్చిపోనాది. ముందరైతే ఏటకి దిగీముందు మొగోళ్లందరూ ఇసకలో కూకుని ఆకాశం సూసీవోరు. ఒక్కడు వద్దంటే ఒక్క పడవా దిగీది కాదు, ఆడు తాగుబోతైనా సరే. కొమ్మొచ్చాక ఆ కూకోడమే మానీసినారు. కూయలేదంటే ఎల్లొచ్చని లెక్క.

ఆ పొద్దు దక్షిణం మబ్బు సూసి, "ఏటో బాగోలేదు, అందరూ ఒకపాలి కూకోండి" అంది కొర్లమ్మ.

"కొమ్ముకి లేని బయం నీకేటే?" అని దానయ్య వల బుజానేసుకున్నాడు. ఆడి తమ్ముడు ఎల్లాజీ ఇంజను లాగినాడు.

సందేళకి శశిభూషణం జీపు దిగి పరిగెత్తుకొచ్చినాడు. "కొమ్ము కూసిందా?"

"కూస్తే పడవలిక్కడుండవా?" అంది కొర్లమ్మ.

ఆ బాబు ఇసకలో కూలబడిపోనాడు. రేవోళ్లు తమ వెలుగుని బాగా పెంచీసినారంట. "ఒక్క గుద్దుకి ఏమీ కాదమ్మా, నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ దారి పొడుగునా లెక్కలేనన్ని గుద్దులు. గుద్దుకున్నప్పుడల్లా పెద్దది చిన్నదాని వెలుగు కొంచెం తీసుకుంది. ఒడ్డుకొచ్చేసరికి కొమ్ము గుర్తుపట్టలేనంత నీరసపడిపోయింది."

"తీసుకుందేటి? తినీసిందను! నోరు రాదేటి?" కొర్లమ్మ గుప్పెడు ఇసక తీసి ఆడి మీద కొట్టింది. "నీ టీవీలో రెండు ముద్దలూ సమానంగా ఉన్నాయి. మేమూ కంపెనీ ఓళ్లూ ఏ దినం సమానంగా ఉన్నామురా? సదువుకున్నోడివి, అది కానరాలేదా? మరి రేవుకి కబురందిందా?"

"అందింది" అన్నాడు, తల దించుకుని.

"అందకేం! ఆళ్లది పెద్దెలుగు గదా!"

గాలి రేగింది. కొర్లమ్మ మోకాలి లోతు నీళ్లలో నిలబడి పెనిమిటిని పేరెట్టి అరిసింది.

తెల్లారేసరికి రేవులో ఓడలన్నీ కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. దానయ్య లేడు. ఎల్లాజీ లేడు.