ముందు గదిలో ఆరాధన

ఆ శనివారం పొద్దున కావ్య రవికకు చేతులు అతుకుతుండగా ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. కుట్టుమిషన్ చప్పుడులో ఆమెకు వినపడలేదు. ఎవరో "జర పైలం, కాలు ఇరుగుతది" అని అరిస్తే తలెత్తి చూసింది. ఇద్దరు మనుషులు చాపల కట్టలు దింపి గుమ్మం ముందు పెడుతున్నారు. ఆటోలో ఇంకా పొడవాటి చెక్క బల్ల ఉంది. దాని మీద సిలువ గుర్తు చూడగానే ఆమెకు అర్థమైంది. ప్రార్థన మందిరంలో ప్రసంగం చెప్పే బల్ల అది.

"గిదేంది? మా ఇంటికెందుకు తెచ్చిన్రు?"

"దేవదాసు పెద్దయ్య తెమ్మన్నడక్కా. రేపటి సంది ఆరాధన మీ ముందటి అర్రలనే అంట గదా."

కావ్య కత్తెర కింద పెట్టి లేచింది.

మంథనిలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు మందిరం పోయిందని ఆమెకు తెలుసు. పెంకులు ఊడదీసి గోడలు పడగొట్టిన రోజు అత్త సక్కుబాయి అన్నం ముట్టలేదు. తర్వాత ఖాళీ జాగాలో టెంటు వేసుకుంటే, వాన దాన్నీ నిలవనివ్వలేదు. పాస్టరయ్య నాలుగైదు ఊళ్ళు చూసుకుంటూ నెలకోసారే వస్తాడు. మిగతా ఆదివారాలు ఆరాధన నడిపేది సంఘపెద్ద అయిన మామ దేవదాసే. ఇవన్నీ ఆమెకు తెలుసు. కావ్య గదిని ఇస్తానని మామ అందరికీ మాట ఇచ్చిన సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ ముందు గది కావ్య కుట్టుపనితో కట్టించుకున్నది. మిషన్లు, సగం కుట్టిన బట్టలు, ఆడపిల్లలకు పని నేర్పే బల్లలు, గోడకు దండ వేసిన ఆమె తండ్రి అంతయ్య ఫొటో. ఆ గదిలో ఆమె అనుమతి లేకుండా కుర్చీ కూడా కదలదు.

"దింపకున్రి. చాపలు గూడ మల్ల ఆటోల పెట్టున్రి."

ఆ మాట విని పెరట్లోంచి దేవదాసు తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. వెనకే భర్త అరుణ్‌కుమార్, అంగీ గుండీలు పెట్టుకుంటూ.

"ఏమైంది బిడ్డా?"

"నన్ను అడిగిన్రా మామా?"

"అడిగేదేముంది? మనిల్లే గదా. పోయిన ఆదివారం అందరి ముంగట చెప్పిన. ఎంత సంబురపడ్డరో!"

"అందరి ముంగట చెప్పిన్రు. నాకు చెప్పలే."

"జర ఓపిక పట్టు కావ్యా," అన్నాడు అరుణ్‌కుమార్ గొంతు తగ్గించి. "బయటోళ్ళున్నరు."

"పోయినేడాది గూడ బయటోళ్ళున్నరు. గప్పుడు గూడ ఓపిక పట్టుమన్నవ్. ఇంకెంత పట్టాలె?"

ముగ్గురికీ తెలుసు ఆమె దేని గురించి అంటోందో.

కావ్యది సిరిసిల్ల. తండ్రి మరమగ్గం మీద పనిచేసేవాడు. అరుణ్‌కుమార్‌ను ఇష్టపడి పెళ్ళి చేసుకుంది, బాప్తిస్మం తీసుకోలేదు. అయినా ప్రతి ఆదివారం అత్తతో మందిరానికి పోయేది. పోయినేడాది ఎండాకాలంలో తండ్రి చనిపోయాడు. కొడుకులు లేరు. కావ్యే నిప్పుకుండ పట్టుకొని ముందు నడిచింది, తలకొరివి పెట్టింది. తిరిగి వచ్చాక సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు జరిగింది. అన్నం వడ్డించడానికి ఆమె గరిటె అందుకోబోతే, అందరికంటే వయసులో పెద్దదైన బుచ్చవ్వ గిన్నె పక్కకు జరిపింది.

"కొరివి పట్టిన చేతులతోని వడ్డిస్తదా?" అంది గట్టిగా.

వరసలో ముందున్నది దేవదాసే. ఆయన తలవంచుకొని తన పళ్ళెం చూసుకున్నాడు. ఆ రోజు నుంచి కావ్య మందిరం గడప తొక్కలేదు.

"గా రోజు నా చేతులు పనికిరాలే," అంది కావ్య ఇప్పుడు. "ఇయ్యాల నా అర్ర పనికొచ్చిందా మామా?"

దేవదాసు ముఖం ఎర్రబడింది. "మందిరం లేక మనుషులు చెట్టుకొకలు పుట్టకొకలు అయితున్రు. ముసలోళ్ళు వానల నిలబడుతున్రు. ఇసొంటి టైంల పాతయి తవ్వుతవా?"

"మీకు పాతయి. నాకు కాదు."

"సరే, ఇగ లొల్లి వద్దు. రేపటి మందం సర్దుకుందాం. మిషన్లు పక్కకు జరుపుదాం, గా ఫొటో తీసి లోపట పెడదాం, మల్ల..."

ఆయన మాట పూర్తి కాలేదు.

"నా బాపును యాడ పెడ్తరు? మూలకా? మంచం కిందనా?" కావ్య అరుపుకు ఆటో అతను కూడా రెండడుగులు వెనక్కి వేశాడు. "చచ్చిపోయినోడు గూడ మీకు అడ్డమైతుండా?"

లోపలికి పోయి తలుపు గొళ్ళెం పెట్టుకుంది.

దేవదాసు కోడలిని పిలవబోయాడు. అప్పటిదాకా వంటింటి గుమ్మంలో నిలబడ్డ సక్కుబాయి ముందుకొచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో భర్తకు నలుగురిలో ఎదురు చెప్పని మనిషి.

"పిలువకు. ఏం మొఖం పెట్టుకొని పిలుస్తవ్? గా దినం నువ్వు తల దించుకున్నవ్. నేను నీళ్ళ చెంబు పట్టుకొని గమ్మున నిలబడ్డ. పిల్ల తండ్రి చచ్చి వచ్చింది, ఒక్కలమన్న దగ్గర కూసున్నమా? ఇప్పుడు ఆమె మీదనే లేస్తున్నవా?"

"నువ్వు గూడనా సక్కూ?"

"నేను గూడనే. ఎప్పుడో అనవలసింది."

దేవదాసు ఆటోను పంపించేశాడు. తనూ ఎటో వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం అన్నానికి రాలేదు. అరుణ్‌కుమార్ తలుపు దగ్గర నిలబడి, "కావ్యా, తప్పు నాది గూడ ఉన్నది," అన్నాడు. తలుపు తెరుచుకోలేదు. మిషన్ చప్పుడు మాత్రం ఆగకుండా వినిపించింది.

ఆదివారం పొద్దున తుంపర మొదలైంది. ఆరాధన లేదని ఎవరికీ కబురు అందలేదు. బైబిళ్ళు కవర్లలో చుట్టుకొని, పిల్లల నెత్తిన కొంగులు కప్పి ఒక్కొక్కరే వచ్చారు. ముందు గది తలుపు మూసే ఉంది, దాని ముందు దేవదాసు నిలబడి ఉన్నాడు. కావ్య లోపల కిటికీ పక్కన నిలబడి ఉంది. తలుపు కొడితే ఏమనాలో అన్నీ సిద్ధం చేసుకుంది.

ఎవరూ కొట్టలేదు.

"తలుపు తియ్యమను దేవదాసూ, తడుస్తున్నం," అంది బుచ్చవ్వ గొంతు.

"తియ్యమనే హక్కు నాకు లేదు," అన్నాడు దేవదాసు. "గీ అర్ర నా కోడలిది. ఆమెను అడుగకుండ నేను మీకు మాటిచ్చిన. తప్పు చేసిన."

గుంపులో గుసగుసలు లేచాయి.

"ఇంకో తప్పు గూడ ఉన్నది. ప్రేమవిందు నాడు గా పిల్ల చేతుల గరిటెను కాదన్నప్పుడు నేను సంఘపెద్దను. నోరు తెరువలే. మీరేమనుకుంటరో అని భయపడ్డ."

"అంటే ఏందయ్యా? గా పద్ధతులన్ని మనం ఒప్పుకోవాల్నా?" బుచ్చవ్వ గయ్యిమంది.

"ఒప్పుకొమ్మంటలే బుచ్చవ్వా. తండ్రి పోయిన పిల్లను ఓదార్వనోళ్ళం, మన ప్రార్థన ఎవలికి? నిన్నంత గిదే ఆలోచన చేసిన. మందిరం పోయిందని ఇన్ని దినాలు ఏడ్చిన. పిల్ల మందిరానికి రాకపోతే ఒక్కనాడు ఏడువలే." ఆయన తలుపు వైపు తిరిగాడు. "కావ్యా, బిడ్డా, నన్ను మాఫ్ చెయ్యి. తలుపు తియ్యకున్నా మంచిదే. మేం ఈడ ప్రార్థన చేసుకొని పోతం."

కిటికీ ఊచ పట్టుకున్న కావ్య చెయ్యి వదులైంది. వెళ్ళి గొళ్ళెం తీసింది.

తుంపరలో మామ తల తడిసి, జుట్టు నుదుటికి అంటుకొని ఉంది.

"బాపు ఫొటో నేను తియ్య," అంది కావ్య.

"తియ్యద్దు."

"బాప్తిస్మం ఎప్పుడు తీసుకుంటవని ఎవలూ అడుగద్దు."

"అడుగం."

"నా కోపం ఇంక పోలే మామా."

"పోకుంటె మానె బిడ్డా. ఉండనీ."

ఆమె పక్కకు జరిగింది. అరుణ్‌కుమార్, సక్కుబాయి మిషన్లు గోడకు జరిపారు. జనం చెప్పులు విడిచి లోపలికి వచ్చి, చాపలు లేక ఉత్త నేల మీదే కూర్చున్నారు. బుచ్చవ్వ అందరికంటే చివర వచ్చింది. కూర్చోకుండా నేరుగా ఫొటో దగ్గరికి పోయి నిలబడింది. కావ్య ఫొటోకు దగ్గరగా జరిగింది.

"ఈయనేనా మీ బాపు?"

"ఊఁ."

"ఎసొంటోడు?" ముసలామె గొంతులో గట్టిదనం తగ్గింది. "చెప్పు బిడ్డా. నేనెన్నడు అడుగకపోతి."

ఏడాదిగా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. కావ్య గోడకు ఆనుకుంది.

"మా పెండ్లి మందిరంల అయితే మా చుట్టాలెవలూ రాలే. బాపు ఒక్కడే వచ్చిండు. అందరికంటే ఎనుక కూసున్నడు. మీ ప్రార్థన ఆయనకు ఎర్కలేదు. పక్కాయన లేస్తే లేసిండు, కూసుంటే కూసున్నడు. ఒకసారి అందరు కూసున్నంక గూడ నిలబడ్డడు. నేను తర్వాత నవ్విన. 'నవ్వకే, నిన్ను సల్లగ చూడుమని ఇంకోసారి అడిగిన, గంతే' అన్నడు..."

ఆమెకు తండ్రి పోయిన రోజు కూడా రానంత ఏడుపు వచ్చింది. బుచ్చవ్వ ఆమె తలను తన భుజానికి ఆనించుకొని తనూ ఏడ్చింది. దేవదాసు నేల మీద కూర్చుని తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు. "గా పెండ్లి దినం ఆయనను నేను పలుకరియ్యలే," అన్నాడు. "కొడుకు మామ అని గూడ చూడలే."

సక్కుబాయి వచ్చి కోడలి పక్కన కూర్చుంది. కొంగుతో ఆమె కళ్ళు తుడిచింది.

"ఇంక చెప్పు బిడ్డా. ఇయ్యాల అందరం ఇంటం."

కావ్య ముక్కు చీదుకొని, గొంతు సవరించుకొని, తండ్రి గురించి చెప్పడం మొదలుపెట్టింది.