సెంట్రీ దిగని రామయ్య

మార్కాపురంలో పలకల గోదాము వెనక ఒక మిలిటరీ ఇల్లుంది. హవల్దార్ నిత్యానందం పోయాక నాలుగేళ్లుగా దానికి తాళమే. అయినా రాత్రిళ్లు లోపల చిన్న వెలుగు కదులుతుందనీ, "థమ్! కౌన్ ఆతా హై?" అని, అంటే ఆగు, ఎవరది అని, సెంట్రీలో ఉన్న కాపలా సిపాయి గద్దించినట్టు వినపడుతుందనీ వీధంతా చెప్తారు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. బాలకృష్ణ మీద ఉంది. కంభంలో సైకిల్ షాపు అతనిది, అబద్ధం అల్లడం చేతకాని మనిషి. ఇది అతను చెప్పిందే.

డెబ్బై ఒకటి యుద్ధంలో వాళ్ల నాయన రామయ్య పోయేనాటికి బాలకృష్ణ తల్లి కడుపులో ఉన్నాడు. ఉన్న ఒక్క ఫొటోనూ చెదలు తినేశాయి. నాయన మొహం తెలియదు. నాయనతో కలిసి పనిచేసిన నిత్యానందం, తాము కాపలా కాసిన సరిహద్దు పోస్టునంతా, మనుషుల మొహాలతో సహా, బొమ్మలుగా చేసిపెట్టాడని ఈమధ్యే ఎవరో చెప్పారు. ఇక ఆగలేకపోయాడు.

వెళ్లేసరికి చీకటి పడింది. ముందు తాళం... వెనక తలుపు మాత్రం తోయగానే తెరుచుకుంది.

ఫోన్ లైటు వేశాడు. బల్ల నిండా యుద్ధం! పలక ముక్కలతో కొండ. పాత యూనిఫాం గుడ్డతో కుట్టిన గోరంత ఇసుక బస్తాలు. రేకు జీపుకు బురద మరకలు. బొటనవేలంత సిపాయిల బూట్లకు లేసులు కూడా గీశాడు మహానుభావుడు. భయం మర్చిపోయి వంగి వంగి చూశాడట.

కొండ మీద ఒంటరిగా ఒక సెంట్రీ. వీపు ఇటు. కాళ్ల కింద పేరు — రామయ్య.

మొహం చూద్దామని అటు తిరిగాడు —

"థమ్... కౌన్ ఆతా హై?"

ఫోన్ జారి పడి లైటు ఆరిపోయింది. చీకట్లో టక్... టక్... దగ్గరికొస్తోంది.

"రామయ్య... రామయ్య కొడుకుని..."

అగ్గిపుల్ల వెలిగింది. చేతికర్రతో ఒక ముసలామె. నిత్యానందం భార్య రాహేలు, పక్క వీధిలో కూతురింట్లో ఉంటుంది.

"నువ్వా నాయనా..." అని ఏడ్చేసింది. "మీ నాయన పోయిన రాత్రి డ్యూటీ మా ఆయనది. జొరమొస్తే మీ నాయన బదులు నిలబడినాడు. అందుకే మా ఆయన బతికినన్నాళ్లు రోజూ రాత్రి ఈ మాట అని, మీ నాయన్ను దించి తన బొమ్మ పెట్టుకునేవాడు. ఇప్పుడు ఆ పని నాది."

బాలకృష్ణ ఊపిరి పీల్చుకున్నాడు. ఇంతేనా దెయ్యం!

"పొద్దున్నే మళ్లీ మా నాయన్ను నిలబెట్టేది కూడా నువ్వేనా పెద్దమ్మా?"

అగ్గిపుల్ల ఆరిపోయింది.

"లేదు నాయనా... మేం ఎప్పుడూ పెట్టలే. తెల్లారేసరికి అక్కడే ఉంటాడు."

చీకట్లోనే బొమ్మను తడిమి తీసి, అగ్గిపెట్టె ఖాళీ చేసి అందులో పెట్టి ఇచ్చింది. "ఇంటికి తీస్కపో. చేసిన కాపలా చాలు."

ఎనిమిది నెలలైంది. ఆ అగ్గిపెట్టె బాలకృష్ణ బీరువాలో ఉంది. మీ నాయన మొహం ఎట్లా ఉంది అని మొన్న అడిగాను.

"ఇంకా తెరవలేదన్నా," అన్నాడు మెల్లగా. "లోపల లేకపోతే...?"