పొగ రాని తొలి గుండు

హోలిస్ క్రెబ్స్ డిటెక్టివ్ ఆఫీసులోకి వచ్చి కూర్చున్నాడు. మిస్సోరిలో పాత రివాల్వర్లు బాగుచేయడంలో ఆయన పేరున్న మనిషి.

"నన్ను జైల్లో వేసేలా ఉన్నారు, మేడమ్. తుపాకుల పోటీలో ఏమస్ టటిల్ చేతిలో నేను బాగుచేసిన రివాల్వర్ బద్దలైంది, రెండు వేళ్లు పోయాయి. పనికిరాని తుపాకీని మంచిదన్నానట."

"తాతల నాటి ఇనుము. బద్దలవదా?" అంది డిటెక్టివ్ లియోనా గాంట్రీ.

"పగుళ్లు లేకపోతే, నల్ల తుపాకీమందు కొంచెంగా పోసి కాల్చుకోవచ్చు. నేనే కాల్చి చూశా. ఇప్పటి పొగరాని మందు పోస్తే మాత్రం చేతిలో బాంబే. కానీ ఏమస్ మందు పోసుకునే కుప్పెలో ఉన్నది నల్లదే అంటున్నారు పోలీసులు."

లియోనా, ఆమె అసిస్టెంట్ వెండెల్ కలిసి ఏమస్ పొలానికి వెళ్లారు. ఏటా అక్కడ జరిగే పాత తుపాకుల పోటీలో తొలి గుండు ఏమస్‌దే. అది పేలేదాకా ఇంకెవరూ ట్రిగ్గర్ ముట్టుకోరు.

లియోనా విరిగిన రివాల్వర్ గొట్టంలో తెల్లగుడ్డ దూర్చి తీసింది, వాసన చూసింది. గుడ్డకు మసి అంటలేదు. వెండెల్ కూడా బుద్ధిమంతుడిలా వాసన చూసి, ఏమీ అర్థంకాక తలూపాడు.

ఏమస్ తమ్ముడు క్లైడ్‌ని అడిగింది. "అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"అన్నయ్య పక్కనే. ఏం లాభం? తెల్లటి పొగ కమ్మేసింది, ఏమీ కనపడలా."

సాయంత్రం అందరినీ పోటీ నడిపే క్లబ్బు షెడ్డులో కూర్చోబెట్టింది. చేతికి కట్టుతో ఏమస్ కూడా వచ్చాడు.

"నల్లమందుతో ఒక్క గుండు కాల్చినా గొట్టం నల్లబడుతుంది, కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. ఇందులో రెండూ లేవు. అంటే పేలింది పొగరాని మందు. పేలాక ఆ గందరగోళంలో ఎవరో ఆ కుప్పె తీసేసి నల్లమందు కుప్పె పెట్టేశారు. మరి నీకు పొగ ఎలా కనిపించింది, క్లైడ్?"

క్లైడ్ తలుపు వైపు చూశాడు.

"ఈ మైదానంలో తుపాకీ పేలిందంటే పొగ వచ్చిందనే అంటారు, చూసినా చూడకపోయినా. అలవాటుగా నువ్వూ అన్నావు. ఏం జరగబోతుందో తెలుసు గనుక అన్నయ్య పక్కన నిలబడక నీ ట్రక్కు వెనక నక్కావు."

వెండెల్ పొగరాని మందు డబ్బా, మరో కుప్పె బల్లమీద పెట్టాడు. రెండూ ఆ ట్రక్కులోనే దొరికాయి.

"పొలం అమ్మనన్నాడు," క్లైడ్ గొణిగాడు. "ఇళ్లు కట్టేవాళ్లు ఎంత అడిగినా అమ్మనన్నాడు."

హోలిస్ ముఖం కప్పుకుని ఏడ్చేశాడు. ఏమస్ మాత్రం తమ్ముడి దగ్గరకు నడిచాడు.

"అమ్మ పోయాక నీకు అన్నం కలిపి పెట్టిన చెయ్యిరా ఇది," అన్నాడు కట్టు కట్టిన చెయ్యి ఎత్తి చూపిస్తూ.