పదకొండో అపాయింట్‌మెంట్

ఫిల్మ్ క్లబ్ మీటింగ్ నాలుగింటికి. అతను నాలుగూ ఇరవైకి వచ్చాడు. మెట్ల మీద ఎండ బాగా పడిందని ఆగి ఫోటోలు తీసుకున్నాడట. పైగా ఆ సంగతి ఏదో ఘనకార్యం చేసినట్టు చెప్పాడు. క్లబ్బులో అందరూ అతన్ని ‘లైటింగ్’ అని పిలిచేది ఊరికే కాదు.

ఎడిటింగ్ రూమ్‌లో గోడ దగ్గర నిలబడ్డ అమ్మాయి అతన్ని ఎగాదిగా చూసింది. ఆమె ఆ నెలలోనే క్లబ్బులో చేరింది. రాబోయే విదేశ ప్రయాణం ఏర్పాట్లన్నీ క్లబ్బు నడిపే మాస్టారు ఆమె చేతిలో పెట్టారు. రైలు గార్డులా ఆమె చెయ్యి ఊపితే తప్ప ఎవరూ కదలడానికి వీల్లేదు కాబట్టి, వారం తిరక్కుండానే ‘గార్డు’ అని పేరు పడిపోయింది.

“మీ కోసం రైలు ఆగదండీ,” అంది గార్డు.

“ఇంకా రైలు ఎక్కలేదు కదండీ.”

“ఇలాగే ఉంటే ఎక్కరు కూడా.”

మిగిలినవాళ్లు నవ్వు ఆపుకోలేక నానా తంటాలు పడ్డారు. అతను తల గోక్కుంటూ వెనక కుర్చీలో కూర్చున్నాడు.

ప్రయాణం మాత్రం ఆషామాషీది కాదు. పదకొండు మంది విద్యార్థులు, ఒక మాస్టారు, నాలుగు రైళ్లు, ఎనిమిది రోజులు. సరిహద్దు దాటి పొరుగు దేశంలోకి వెళ్లి, దారి పొడవునా ఒక చిన్న సినిమా తీయాలి. ఫోటోలు తీసుకొచ్చి కాలేజీలో ఎగ్జిబిషన్ పెట్టాలి. విమానంలో వెళితే దారి కనబడదు కాబట్టి రైల్లోనే వెళ్లాలని మాస్టారి పట్టుదల. గార్డు గోడకు అంటించిన చార్టులో ఏ రైలు ఎప్పుడో, ఏ ప్లాట్‌ఫామో, ఏ పెట్టె ఎవరు మోయాలో అంతా ఉంది.

అతను ఆ చార్టును చాలాసేపు చూసి ఒకే ఒక్క మాట అడిగాడు. సరస్సు పక్కనుంచి రైలు వెళ్లేటప్పుడు నీళ్లు ఏ వైపు ఉంటాయి? అది చార్టులో లేదు. మర్నాడు మ్యాపులు తిరగేస్తే, బుక్ చేయబోయిన సీట్లన్నీ కొండ వైపే ఉన్నాయి. ఆమె కిక్కురుమనకుండా అన్నీ మార్చేసింది. ఆ సంగతి అతనికి చెప్పకూడదని అందరికీ చెప్పింది. అందరికీ చెప్పింది కాబట్టి అతనికీ తెలిసిపోయింది.

రెండో జంక్షన్‌లో రైలు మారడానికి పదకొండు నిమిషాలే టైమ్ ఉంది. అందుకని గార్డు రిహార్సల్ పెట్టింది. కెమెరా పెట్టెలు, ట్రైపాడ్లు మోసుకుంటూ లైబ్రరీ నుంచి క్యాంటీన్ దాకా పరుగెత్తాలి. మొదటిసారి పందొమ్మిది నిమిషాలు పట్టింది. రెండోసారి సగం దారిలో వాన పట్టుకుంది. అందరూ తలో మూలకూ పరుగెత్తారు. ఆమె మాత్రం గొడుగు తెరిచి, చార్టు కాపీని గొడుగు కింద పెట్టి, తాను నిక్షేపంగా తడుస్తూ నిలబడింది.

లైటింగ్ ఆమెను చూస్తూ ఉండిపోయాడు. వాన ఆమె ముక్కు చివరి నుంచి జారుతోంది. ఆమె దాన్ని తుడుచుకోకుండా స్టాప్‌వాచ్ చూసుకుంటోంది. ఈ అమ్మాయి అంటే తనకు ఇష్టమని అతనికి అక్కడికక్కడే తెలిసిపోయింది. తెలిసిన మరుక్షణం ఏం చేయాలో తోచక, వెళ్లి ఆమె చేతిలోని గొడుగు తీసుకుని ఇద్దరికీ పట్టాడు.

“చార్టు తడుస్తోంది,” అంది ఆమె.

“నువ్వు కూడా తడుస్తున్నావు,” అన్నాడు. ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయిపోయిందని ఇద్దరూ గమనించారు. ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు.

తర్వాత వచ్చింది అసలు చిక్కు. వీసా ఫోటోలు.

ఫిల్మ్ క్లబ్బు వాళ్లు స్టూడియోకి వెళ్లి ఫోటో దిగితే పరువు తక్కువ కదా అని లైటింగ్ తానే తీస్తానన్నాడు. గార్డు అతనికి నిబంధనల కాగితం ఇచ్చింది. అతను దాన్ని వెనక్కి తిప్పి, తెల్లగా ఉన్న వైపు కిటికీ ఎక్కడ, కుర్చీ ఎక్కడ అని బొమ్మ గీసుకున్నాడు. ముందు వైపు ఏముందో చదవనే లేదు.

ఫోటోలు అద్భుతంగా వచ్చాయి. కిటికీ వెలుతురు ఒక చెంప మీద, రెండో చెంప మెత్తటి నీడలో. ఒక్కొక్కరూ తమ మొహం ఇంత బాగుంటుందా అని మురిసిపోయారు. అన్నిటిలోకీ గార్డు ఫోటో మరీ బాగుంది. ఆమె కొంచెం పక్కకి తిరిగి నవ్వుతోంది. మాస్టారు కూడా భేష్ అన్నారు. గార్డు అప్లికేషన్లన్నీ ఫైలులో పెట్టి వీసా ఆఫీసుకు పంపేసింది.

తొమ్మిదో రోజున ఫైలు మొత్తం తిరిగొచ్చింది. మొహం మీద నీడ ఉండకూడదు. చూపు నేరుగా ఉండాలి. నవ్వకూడదు. పదకొండింటిలో పదకొండూ చెల్లవు.

లైటింగ్ తెల్లగోడ ముందు అందరినీ నిలబెట్టి, పోలీసు స్టేషన్లో తీసినట్టు మళ్లీ తీశాడు. కానీ తిరిగొచ్చిన అప్లికేషన్లను ఈసారి ఎవరికి వారే వెళ్లి ఇవ్వాలి. ప్రయాణానికి ముందు వీసా ఆఫీసులో ఖాళీగా ఉన్న అపాయింట్‌మెంట్లు పదే. మాస్టారి పాత వీసా ఇంకా చెల్లుతుంది కాబట్టి ఆయనకు చింత లేదు. పదకొండో విద్యార్థికి దొరికింది మాత్రం రైలు బయల్దేరిన మర్నాడు. ఎవరో ఒకరు వెనక ఉండిపోవాలి. ఏడాదిగా రాసుకున్న సినిమా, సరస్సు పక్క షాట్ అన్నీ ఆ ఒక్కరు వదులుకోవలసి వస్తుందేమో.

గార్డు ఆ పదకొండో వరసలో తన పేరు రాసుకుంది. అతను చూసి కొట్టేసి తన పేరు రాశాడు. ఆమె మళ్లీ కొట్టేసింది. కాగితం చిరిగిపోయేదాకా వచ్చింది వ్యవహారం.

“ఫోటోలు తీసింది నేను. ఉండిపోవలసింది నేనే,” అన్నాడు.

“చూసి పంపింది నేను. ఏ కాగితమైనా మూడుసార్లు చూస్తాను. అవి కూడా మూడుసార్లు చూశాను. తప్పు కనబడలేదు.” ఆమె పెన్నుకు మూత పెట్టేసింది. “నాకెందుకు కనబడలేదో నీకు అర్థం కావడం లేదా?”

అతనికి అర్థమైంది. అర్థమైనందుకు సంతోషించాలో, ఆమె ప్రయాణం పాడుచేసినందుకు ఏడవాలో తెలియలేదు.

ఈ గొడవంతా కాలేజీ గేటు ఎదురుగా ఉన్న జెరాక్స్ షాపులో జరిగింది. ఆ షాపు గార్డు వాళ్ల అమ్మది. ఆవిడ కొత్త అప్లికేషన్లు కాపీ తీస్తూనే అంతా వింది. మధ్యలో తిరిగొచ్చిన ఫోటోల కవరు చేతికి తగిలింది. కూతురి ఫోటో బయటికి తీసి, కళ్లజోడు సర్దుకుని చూసింది.

“వాళ్ల నాన్న పోయాక ఇది ఇలా నవ్వగా నేను చూడలేదు,” అంది మెల్లగా. “ఏం చెప్పి నవ్వించావు బాబూ?”

“ఏమీ చెప్పలేదాంటీ. తనే నవ్వింది.”

కూతురు ఉన్నట్టుండి స్టాప్లర్‌లో పిన్నులు ఉన్నాయో లేదో చూడడం మొదలుపెట్టింది. ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఫోటోను కవరులో పెట్టలేదు, గల్లాపెట్టెలో దాచుకుంది. ఆ తర్వాత తీర్పు చెప్పింది. దారి తెలిసిన మనిషి ముందు నడవాలి, కాబట్టి అమ్మాయి వెళ్లాలి. అపాయింట్‌మెంట్ రోజే వీసా చేతికిస్తారు కాబట్టి అబ్బాయి అది రాగానే వెనకాలే బయల్దేరి వాళ్లను అందుకోవాలి. ఇద్దరిలో ఎవరికీ ఎదురు చెప్పే ధైర్యం లేకపోయింది.

గార్డు అతని కోసం విడిగా ఇంకో చార్టు రాసింది. నాలుగో రోజు మధ్యాహ్నం రెండూ అయిదుకి అతను సరిహద్దు అవతలి జంక్షన్‌లో దిగాలి. రెండూ నలభైకి అందరూ కలిసి సరస్సు ఊరికి రైలెక్కాలి. ఆ రైలు తప్పితే మళ్లీ సాయంత్రమే.

అతను ప్రతి రైలుకూ ముందే వచ్చి ఎక్కాడు. ఏ ఎండనూ చూడలేదు, ఏ కిటికీ దగ్గరా ఆగలేదు. కానీ సరిహద్దు దగ్గర తనిఖీ పేరుతో రైలును గంటా యాభై నిమిషాలు ఆపేశారు. సరిహద్దు దాటగానే ఫోన్ పనిచేయడం మానేసింది. రెండూ నలభై అయింది. మూడయింది. అతను కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. ఆ రైలు వెళ్లిపోయింది. అతను రాలేదని ఆమె అనుకుని ఉంటుంది. ఇలాంటివాడేనని కూడా అనుకుని ఉంటుంది. అదే ఎక్కువ బాధగా ఉంది.

నాలుగవుతుండగా జంక్షన్‌లో దిగాడు. ప్లాట్‌ఫాం దాదాపు ఖాళీ. చివరి బెంచీ మీద, ఒళ్లో బ్యాగు పెట్టుకుని, గార్డు కూర్చుని ఉంది.

అతను దగ్గరికి వెళ్లి, మిగతావాళ్లు ఏరని అడిగాడు.

“రెండూ నలభైకి ఎక్కించేశాను. చార్టు మాస్టారికి ఇచ్చాను. నేను దిగిపోయాను.”

“నేను రాకపోతే?”

“తర్వాత రైలుకి వస్తావు.”

“దానికీ రాకపోతే?”

“ఆ తర్వాత రైలుకి.” ఆమె కళ్లు తుడుచుకుంది. “ఏమో, నాకేం తెలుసు. రైలెక్కి కూర్చున్నాను. కాళ్లు ఆగలేదు.”

అతను ఆమె పక్కన కూలబడ్డాడు. “నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఒక్క ముక్క గుర్తు లేదు.”

“ఇష్టం లేకుండానే గంటకు పైగా ఈ బెంచీ మీద కూర్చున్నానా?” అంది గార్డు.

 అంతలో, అక్కడి సిమ్ కొని వేసుకున్న ఆమె ఫోన్ మోగింది. వాళ్లమ్మ చేయడం అది అప్పటికి అయిదోసారట. ఆమె చూసి నవ్వి, ఫోన్ అతని చేతిలో పెట్టింది. అతను లేచి నిలబడి, వచ్చేశానాంటీ అన్నాడు.

 అవతల జెరాక్స్ మెషిన్ చప్పుడు వినిపించింది.

“మా అమ్మాయి ఎక్కిన రైలు దిగిందంటే మామూలు సంగతి కాదు బాబూ. జాగ్రత్తగా తీసుకురా.”

అతను ఫోన్ తిరిగి ఇస్తూ కళ్లు పక్కకి తిప్పుకున్నాడు. దూరంగా సాయంత్రం రైలు కూత వినిపించింది.

“అమ్మ ఏమంది?”

“నిన్ను జాగ్రత్తగా తీసుకురమ్మంది.”

“నన్ను నువ్వు తీసుకురావడమేంటి,” అంటూ ఆమె అతని చెయ్యి పట్టుకుని మూడో ప్లాట్‌ఫాం వైపు నడిచింది.