నొప్పి పదికి ఎంత?

"గట్టిగా నొక్కండి."

"నొక్కుతున్నానండీ!"

"ఇదా నొక్కడం? మా ఇంట్లో పిల్లి ఇంతకంటే గట్టిగా నొక్కుతుంది."

జట్టుకి కొత్తగా వచ్చిన ఫిజియో ఆ మాట అనేసరికి, బల్ల మీద వెల్లకిలా పడుకున్నవాడికి ఒళ్లు మండింది. ఫుట్‌బాల్ మైదానంలో కుడి అంచున అతను పరిగెడితే ఎవరికీ అందడు. అందుకే అందరూ 'రాకెట్' అంటారు. అలాంటి రాకెట్ మోకాళ్ల మధ్య అరచేతంత మీటర్ పెట్టి, తుంటి బలమూ గజ్జ బలమూ కొలుస్తోంది ఈ అమ్మాయి!

"నొప్పి పదికి ఎంత?"

"సున్నా."

ఆమె అతని పాదాల వంక చూసింది. వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి.

"అబద్ధం. గజ్జలో కండరం దెబ్బతింది. విడిగా కొలిస్తే ఎడమ కాలి బలంలో కుడికాలికి సగమే ఉంది. మీరు సెమీఫైనల్ ఆడటానికి వీల్లేదు."

"చెప్పడానికి మీరెవరండీ? కోచ్‌నే అడుగుతా!"

"అడగండి. ఆయన మా బాబాయి."

బాబాయి కూడా వద్దనే అన్నాడు. రాకెట్ బెంచీ మీద పళ్లు నూరుకుంటూ కూర్చున్నాడు. జట్టు మాత్రం పెనాల్టీల్లో ఎలాగో గట్టెక్కి, నెల తర్వాత జరగబోయే ఫైనల్‌కి చేరింది.

మర్నాటి నుంచి వ్యాయామాలు మొదలయ్యాయి. పక్కకి తిరిగి పడుకుని కాలు ఎత్తాలి, దించాలి. "ఇంకొక్కటి" అంటుంది. ఆ తర్వాత మరో నాలుగు చేయిస్తుంది. మొదట్లో తిట్టుకున్నాడు. తర్వాత టైముకంటే ముందే వచ్చి తలుపు దగ్గర కాపు కాయడం మొదలెట్టాడు.

ఓ వానరోజు మోకాళ్ల మధ్య బంతి బిగించి అడిగేశాడు.

"ఒక మాట అడగనా? నేనంటే మీకు..."

"ఆగండి! పేషెంట్‌కి ఆ ప్రశ్నకి జవాబు చెప్పను."

"అంటే, కాదనా?"

"అంటే, బంతి నొక్కమని!"

గొంతు కటువుగానే ఉంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఫైనల్ రోజు పొద్దున్నే ఆఖరి పరీక్ష పెట్టింది. రెండు కాళ్ల బలమూ సమంగా వచ్చింది. చివరగా మోకాళ్ల మధ్య మీటర్ పెట్టింది. ఒళ్లంతా బిగబట్టి నొక్కాడు.

"నొప్పి పదికి ఎంత?"

సున్నా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. బయట బస్సు హారన్ కొడుతోంది. ఎదురుగా ఆమె ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"రెండు," అన్నాడు నీరుగారిపోయి. "ఫైనల్ పోయినట్టేగా?"

"ఎవరన్నారు? రెండు దాకా ఆడొచ్చు. దాటితేనే ఆపుతాం."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే నిజం చెప్పేవారా?" ఆమె కళ్లు తడిగా మెరుస్తున్నాయి. "మీరు మళ్లీ అబద్ధం చెబుతారేమోనని పొద్దున్నుంచీ హడలి చస్తున్నాను. టెస్ట్ పాసయ్యారు. ఇక మీరు నా పేషెంట్ కాదు. అడగండి."

రాకెట్ లేచి కూర్చుని ఆమె చెయ్యి అందుకున్నాడు.

"నేనంటే... మీకు ఇష్టమేనా?"

"ఇష్టమే. చాలా."

అప్పుడే తలుపు తెరుచుకుంది. బాబాయి! ఇద్దరి మొహాలూ చూసి అంతా గ్రహించేశాడు.

"అమ్మాయ్, మీ నాన్నతో నేను మాట్లాడతాలే. ముందు వాడి చెయ్యి వదులు, ఫైనల్ ఉంది!"

రాకెట్ బస్సు వైపు పరుగు తీశాడు. మెట్టెక్కబోయి ఆగి, వెనక్కొచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని మళ్లీ పరిగెత్తాడు.