బుట్ట ముందే తెరిచి ఉంది

భీమిలిలో పాత బీచ్ రోడ్డు సముద్రంలో కలిసిపోయి చాలా ఏళ్లయింది. ఇళ్లన్నీ సిమెంటు స్తంభాల మీదికెక్కాయి. పశువైద్యశాల కూడా అంతే. కుక్కల్నీ పిల్లుల్నీ పడవల్లో తెచ్చి, మెట్లెక్కించి, డాక్టర్ వకుళ ముందు బల్ల మీద పెడతారు.

"పెరుగన్నం తప్ప ఇంకేటీ పెట్టలేదమ్మా," అంది మౌనిక మామ్మ, తన కుక్కను ఒడిలో పెట్టుకుని.

గోడ మీది తెర వెలిగింది. బల్ల కింది నుంచి చూసినట్టుగా ఒక చిత్రం. ముడతలు పడ్డ చెయ్యొకటి మెల్లగా దిగి, వేయించిన రొయ్యను అందించి వెళ్లింది. వేలికి పగడపు ఉంగరం.

"ఉంగరం మీదే కదా మామ్మగారూ?"

మామ్మ చేతిని కొంగు కింద దాచుకుంది. "నా పరువు తీసీసినావే," అంది కుక్కతో.

ఆ యంత్రం అసలు పేరు ట్రేస్ స్కానర్. ఊళ్లో అందరూ వెనుచూపు అంటారు. కడుపులో తిప్పడం మొదలైన క్షణాన, అంతకు ముందు కొన్ని గంటల్లో చూసినవాటినీ వాసన పట్టినవాటినీ జంతువు మెదడు గట్టిగా ముద్ర వేసుకుంటుంది. ఏది తిని ఇలా అయిందో మళ్లీ దాని జోలికి పోకుండా ప్రకృతి నేర్పిన జాగ్రత్త అది. వెనుచూపు ఆ వికారముద్రను చదువుతుంది. ఒంట్లో బాగున్న రోజు జ్ఞాపకాలు దానికి దొరకవు. అవి నీటి మీద రాతలు.

చిత్రం రాగానే యజమానికి చూపించి ఏది ఏమిటో అడగడం ఆసుపత్రి పద్ధతి. పిల్లి చూపుకు రంగులు తక్కువ, వాసనలు ఎక్కువ. ఆ ఇంటి మనిషి చెబితే తప్ప మూలనున్నది డబ్బానో చెప్పో తెలియదు. ఆ పద్ధతి పెట్టినప్పుడు ఎవరూ వేరేగా ఆలోచించలేదు.

మామ్మ తర్వాత ప్రభంజన్ వచ్చాడు. రేవులో క్రేన్లు నడిపే మనిషి. చేతిలో బుట్ట, బుట్టలో బూరె అనే తెల్లపిల్లి. వాంతులతో అతను దాన్ని తేవడం ఇది మూడోసారి. పిల్లి తల ఎత్తలేకపోతోంది.

వకుళ రక్తం తీసి పరీక్షకు పెట్టింది. పొట్ట మీద అల్ట్రాసౌండ్ ఆనించి చూసింది. కిడ్నీలు వాచి ఉన్నాయి.

"రక్తంలో మళ్లీ ఉప్పు ఎక్కువగా ఉంది. ఇంకోసారి ఇలా అయితే బతకదండీ. ఉప్పుచేపలేమైనా తింటోందా?"

"మేం తినం. మా ఆవిడ మధ్యాహ్నాలు ఒక్కతే ఉంటుంది. ఏం పెడుతుందో నాకేం తెలుసు?" అన్నాడతను. "చిత్రం వెయ్యండి. నిన్న మధ్యాహ్నానిది."

తెర మీద ఒక కిటికీ, చీర మడతలు, మూసిన వీధి తలుపు కనిపించాయి. ఇక్కడికి వచ్చేవాళ్లెవరైనా ముందు నేలకేసి చూస్తారు, ఏం పడింది, ఏం నాకింది అని. ప్రభంజన్ తలుపును చూస్తున్నాడు. రెప్ప కూడా వేయడం లేదు. వకుళకు అది గుర్తుండిపోయింది.

పిల్లిని ఆసుపత్రిలోనే ఉంచి సెలైన్ పెట్టింది. మధ్యాహ్నం భోజనానికి రావడం లేదని చెప్పడానికి ఇంటికి ఫోన్ చేసింది. భర్త వల్లభ్ ఎత్తలేదు. నిద్రపోయి ఉంటాడనుకుని, ప్రభంజన్ భార్య నీహారికకు ఫోన్ చేసి రమ్మంది. పిల్లికి ఏదో పెడుతున్నది ఆవిడేనని అప్పటికి వకుళ అనుమానం.

నీహారిక వచ్చీ రాగానే పిల్లి పక్కన కూలబడింది. సెలైన్ పెట్టిన కాలు తగలకుండా దాని చెవుల వెనక నిమిరింది.

"మధ్యాహ్నం ఇదేం తింటుంది?" అడిగింది వకుళ.

"ఏటి తింటాదండి, నా ఒళ్లో పడుకుంటాది. నాకూ కునుకు పట్టేస్తాది. ఆయన డ్యూటీ దిగి వచ్చినాకే దీనికీ వాంతులు. నానూ వస్తానంటే వద్దంటారు. బుట్ట కూడా ఆయనే సర్దుతారు."

ఆవిడ వెళ్లాక వకుళ తెర ముందు కూర్చుంది.

"వికారానికి ముందు చివరి నిమిషాలు నువ్వు కత్తిరిస్తావు కదా. ఆ ముక్కలు చూపించు," అంది వెనుచూపుతో.

"అవి అలల్లా ఊగుతాయి డాక్టర్. చూసేవాళ్లకు తల తిరుగుతుంది," అంది యంత్రం. "తిన్నది ఒంటికి పట్టడానికి సమయం పడుతుంది కాబట్టి అక్కడ తిండి ఉండదని మీరే అంటారు."

"తిరగనీ. చూపించు."

వంటగది నేల ఊగుతూ వచ్చింది. రేవు బురద అంటిన బూట్లు. పెద్ద చెయ్యొకటి దవడ పట్టుకుంది. ఇంకో చేతిలో పసిపిల్లలకు మందు వేసే ఫిల్లర్. వెనక, గోడ పక్కన, బుట్ట తలుపు తెరిచి ఉంది. లోపల తువ్వాలు మడిచి వేసి ఉంది. పిల్లికి అప్పటికింకా ఏమీ కాలేదు.

మిగతా రెండుసార్ల ముక్కలూ వేయించుకుని చూసింది. ఆ రెండింటిలోనూ బుట్ట తెరిచే ఉంది.

సాయంత్రం ప్రభంజన్ వచ్చాడు.

"బుట్ట ముందే సర్దారు," అంది వకుళ, "దానికి కడుపులో తిప్పకముందే."

అతను బుట్ట మీద చెయ్యి వేశాడు. "చంపాలని కాదండీ. ఉప్పునీళ్లే. దానికి బాగుంటే మీ మిషన్‌కి ఏమీ కనబడదు కదా. మొదటిసారి నిజంగానే జబ్బు చేస్తే తెచ్చాను. అప్పుడు మీరే చెప్పారు."

వకుళకు గుర్తుంది. ఆసక్తిగా అడుగుతున్నాడని అన్నీ వివరంగా చెప్పింది.

"మొదటిసారీ బుట్ట తెరిచే ఉంది."

అతను నేలకేసి చూశాడు. "అయితే రేవులో ఎవరో చెప్పగా విని ఉంటాను."

"ఏం కనబడాలి మీకు?"

"మా ఇంటికి ఎవరొస్తున్నారో."

"వస్తున్నారని ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? మధ్యాహ్నం ఫోన్ చేస్తే ఒక్కోసారి ఎత్తదు."

"మూడు మధ్యాహ్నాలూ పూర్తిగా చూశాను. మీ తలుపు ఒక్కసారీ తెరుచుకోలేదు. ఆవిడ ఒళ్లో పిల్లి, పిల్లి మీద ఆవిడ చెయ్యి. అంతే."

అతని ముఖం తేలికపడుతుందేమోనని వకుళ చూసింది. అతను ఆలోచించాడు.

"పిల్లి కదండీ," అన్నాడు. "మధ్యలో నిద్రపోయి ఉంటుంది."

"ఇది మీతో రాదు. జంతు సంరక్షణ వాళ్లకు కబురు పంపాను. ఎందుకో నీహారిక గారికి నేనే చెప్తాను."

"చెప్పండి." ఖాళీ బుట్ట తీసుకుని మెట్ల దాకా వెళ్లి ఆగాడు. "చెప్పేటప్పుడు ఆవిడ ముఖం ఎలా మారుతుందో కాస్త గమనించండి."

బూరె గిన్నెలో నీళ్లు నాకింది. బతుకుతుందని వకుళకు నమ్మకం కుదిరింది. నీహారికకు చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆవిడ ముఖం వంకే చూస్తూ ఉండిపోయానని ఇంటికి వెళ్లే పడవలో గుర్తొచ్చి, తన మీద తనకే చిరాకేసింది.

వల్లభ్ తలుపు తీశాడు. ఇంట్లో కూర్చుని లెక్కలు రాసే మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు.

"మధ్యాహ్నం ఫోన్ ఎత్తలేదేం?"

"సైలెంట్‌లో పెట్టి మర్చిపోయాను. ఏం, పనేమైనా ఉందా?"

వంటగదిలో కడిగి బోర్లించిన గాజుగ్లాసులు రెండున్నాయి.

"ఎవరైనా వచ్చారా?"

"ఎవరొస్తారు?" అంటూ అతను నవ్వి లోపలికి వెళ్లాడు.

గవ్వ అనే వాళ్ల పెంపుడు కుక్క తోక ఊపుకుంటూ వచ్చి కాళ్ల మీద పడింది. వకుళ దాని పక్కన గొంతుకూర్చుంది. పెదవి ఎత్తి చిగుళ్లు చూసింది. గులాబీ రంగులో ఉన్నాయి. పొట్ట నొక్కింది. మెత్తగా ఉంది. ముక్కు చల్లగా తగిలింది.

కుక్కకు ఏ జబ్బూ లేదు. అది తెలిసి ఆమెకు సంతోషం కలగకపోవడం ఇదే మొదటిసారి.