నిండా పోసిన టీ

"రౌషాన్‌ని నమ్ము. అంతకుమించి నేను చెప్పేదేం లేదు," అన్నాడు చీఫ్ సాకెన్.

ఏజెంట్ బెక్నూర్ నమ్మడానికి సిద్ధంగా లేడు. రౌషాన్ అతని మాజీ భార్య. మార్టెన్ అనే విదేశీ ముఠా నాయకుడి దగ్గర చేరిన డబుల్ ఏజెంట్. ఆ పట్టుబట్టలూ ఆ కార్లూ చూసి, ఆమె నిజంగానే అటు తిరిగిపోయిందని తేల్చుకుని విడాకులిచ్చాడు బెక్నూర్. అనుమానించడమే ఉద్యోగమైనవాడికి ఇంట్లో మాత్రం ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది?

బ్రీఫింగ్ రెండు ముక్కల్లో అయిపోయింది. అక్తావు ఊరంతా తాగేది కాస్పియన్ సముద్రపు ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంట్ నుంచే. మార్టెన్ దాన్ని బాంబుతో పేల్చేస్తే ఊరు ఖాళీ అవుతుంది, చమురు బావులు దిక్కులేనివవుతాయి. ఆ బాంబు ఎక్కడుందో కనిపెట్టాలి.

పెట్టుడు మీసంతో, పాత పైపులు కొనే వ్యాపారిగా బెక్నూర్ సముద్రం ఒడ్డున ఉన్న మార్టెన్ బంగళాకి వెళ్లాడు. రౌషాన్ టీ తెచ్చింది. ఆమె ఎంత అందంగా ఉందో చూసి అతనికి కడుపు మండింది.

కజఖుల ఇళ్లలో అతిథికి కప్పు సగమే పోస్తారు, మళ్లీ మళ్లీ పోస్తూ కూర్చోబెడతారు. నిండా పోశారంటే ఇక దయచెయ్యమని. రౌషాన్ తొణికేదాకా పోసింది. మార్టెన్ అదేదో గొప్ప మర్యాద అనుకుని నవ్వాడు.

"ఇంకా కోపం తీరలేదా?" అన్నాడు బెక్నూర్ కజఖ్‌లో. మార్టెన్‌కి ఆ భాష రాదు.

"తాగకపోయినా పర్లేదు. బయల్దేరు."

చెంప పగిలినట్టయింది. మిషన్ సంగతి కూడా మరిచి విసురుగా లేచి వచ్చేశాడు. గేటు బయట చీఫ్ కూర్చున్న వ్యాన్ ఎక్కి, ఆమె వాళ్ల మనిషేననీ, తనని గెంటేసిందనీ గట్టిగా చెప్పబోయాడు.

చీఫ్ చెయ్యెత్తి ఆపాడు. రౌషాన్ చెవిపోగులో దాచిన వైర్‌లెస్ పలుకుతోంది. మార్టెన్‌కి అనుమానం రాకుండా, కజఖ్‌లో కూనిరాగం తీస్తున్నట్టు చెబుతోంది.

"సాకెన్ అగా, బాంబు పెట్టె ఇక్కడే, ఇతని కాళ్ల దగ్గరుంది. ప్లాంట్‌కి తీసుకుపోయే పడవ వచ్చేసింది. పేల్చే స్విచ్ ఇతని లైటర్లో ఉంది. సిగరెట్ వెలిగిస్తానని తీసుకున్నాను. మీవాడు గేటు దాటాడా?"

"దాటాడమ్మా. నువ్వు ఆగు, మేం వస్తున్నాం."

"రాకండి. టైం లేదు. కోపమొస్తే అతను వెనక్కి తిరిగి చూడడు. అందుకే అలా పోశాను."

బెక్నూర్ వ్యాన్ తలుపు తీసేలోగా బంగళా పైకప్పు లేచిపోయింది.

ఆ సాయంత్రం ఊళ్లో కుళాయిలన్నీ మామూలుగానే వచ్చాయి. బెక్నూర్ స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో చాలాసేపు ఏడ్చాడు.

ప్రమాదాన్ని ముందే పసిగట్టి బయటపడ్డందుకు ఆ ఏడాది సమయస్ఫూర్తి పతకం అతనికే ఇచ్చారు.